నగర భవిష్యత్తు ప్రోగ్రామ్‌లో తొమ్మిది నెలలు ఉన్నాను, చేరాలా వద్దా అని అడిగేవాళ్ల కోసం

ఈ మధ్య ముగ్గురు నలుగురు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు, "మీరు వెళ్లొచ్చిన ఆ ప్రోగ్రామ్‌కి మమ్మల్నీ పిలుస్తున్నారండీ, చేరమంటారా, టైమ్ వేస్టా?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకేచోట రాసేస్తే మేలనిపించింది. ముందే తేల్చి చెప్తున్నాను: చేరండి, కానీ మీ ఆఫీసులో ఏదో ఒక విషయం మీద మీ అంతట మీరు నిర్ణయం తీసుకోగలిగితేనే చేరండి. మొదటి రెండు నెలలు ఓపిక పట్టాలి, మూడో నెల నుంచి అసలు పని మొదలవుతుంది. అయిపోయాక మాత్రం పట్టించుకునేవాళ్లు ఉండరు, ఆ ఏర్పాటేదో మీరే చేసుకోవాలి. ఐదింటికి మూడున్నర స్టార్లు ఇస్తాను.

నిర్వహించిన సంస్థ పేరు రాయను. ఇలాంటివి ఇప్పుడు చాలా నగరాల్లో రకరకాల పేర్లతో నడుస్తున్నాయి, ఇందులో కనిపించిన మంచీ చెడూ వాటిలో ఎక్కువవాటికి వర్తిస్తాయనే నా నమ్మకం.

సంగతేంటంటే, ఒక నగరంలో వేర్వేరు రంగాల్లో బాధ్యత గల స్థానాల్లో ఉన్న ముప్పై మందిని ఎంచుకుని, నెలకో శనివారం చొప్పున తొమ్మిది నెలలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకచోట కూర్చోబెడతారు. మా బ్యాచ్‌లో మున్సిపల్ ఇంజినీర్లు ఇద్దరు, నీళ్లు, డ్రైనేజీ, కరెంటు విభాగాల నుంచి ఒక్కొక్కరు, ట్రాఫిక్ పోలీసు అధికారి, బస్ డిపో మేనేజరు, రెండు ఫ్యాక్టరీల హెచ్ఆర్ వాళ్లు, ఒక బిల్డర్, ఒక బ్యాంకు అధికారి, ఇంటర్నెట్ కేబుల్ కంపెనీ ప్రాజెక్ట్ మేనేజరు, ఇద్దరు ప్రిన్సిపాళ్లు, ఆర్కిటెక్టులు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు, ఒక విలేకరి ఉన్నారు. నేను ఒక మధ్యస్థాయి ఆసుపత్రిలో అడ్మినిస్ట్రేషన్ చూస్తాను. లీడర్స్ ప్రోగ్రామ్ అనగానే రాజకీయ నాయకులు వస్తారనుకున్నాను, మనకు ఆ మాట అలాగే అలవాటైపోయింది కదా. అక్కడికెళ్లాక చూస్తే ఒక్క రాజకీయ నాయకుడూ లేడు. అది మంచిదే అని మొదట్లో అనుకున్నాను, తర్వాత అభిప్రాయం మార్చుకున్నాను. దాని గురించి కింద రాస్తాను.

మొదటి రెండు శనివారాలు నిజంగా విసుగొచ్చింది. ప్రొజెక్టర్ మీద స్లైడ్లు, బయటి నుంచి వచ్చిన వక్తలు, మధ్యాహ్నం గ్రూపులుగా విడగొట్టి "2050 నాటికి మన నగరం ఎలా ఉండాలి" అని రంగు చీటీల మీద రాయించడం. రెండో నెలలో ఒక పూటంతా విజన్ స్టేట్‌మెంట్ అని ఒకే ఒక్క వాక్యం కోసం కూర్చున్నాం. "సుస్థిర" అన్న మాట ముందుండాలా, "సమ్మిళిత" అన్న మాట ముందుండాలా అని నలభై నిమిషాలు చర్చ జరిగింది. ఆ నలభై నిమిషాల్లో ముప్పై మంది చేతిలోని ముప్పై పనులు ఆగిపోయి ఉన్నాయని ఎవరికీ తట్టలేదా అని నాకు చాలా బాధనిపించింది. ఆ వాక్యం చివరికి ఏమైందో నాకు గుర్తు లేదు, మా బ్యాచ్‌లో ఎవరికైనా గుర్తుందేమో కూడా తెలియదు.

అదే రోజు స్పెయిన్‌లోని బిల్బావ్ నగరం గురించి ఒక స్లైడ్ వేశారు. మూతపడిన స్టీలు, నౌకల ఫ్యాక్టరీల నగరం, 1997లో గుగెన్‌హైమ్ అనే కళా మ్యూజియం కట్టగానే ప్రపంచ పటంలోకి ఎక్కేసిందని చెప్పి, మనకూ అలాంటి ఒక ఐకాన్ కావాలన్నారు. హాల్లో సగం మంది తలూపారు. నాకెందుకో అంత తేలిగ్గా అయ్యుండదనిపించి ఇంటికొచ్చి చదివాను. 1983లో అక్కడ పెద్ద వరదలొచ్చి పాత నగరం మునిగిపోయింది. 1991లో ప్రభుత్వ సంస్థలూ కంపెనీలూ యూనివర్సిటీలూ కలిసి బిల్బావ్ మెట్రోపోలి-30 అని ఒక సంఘం పెట్టుకున్నాయి, దీర్ఘకాలిక ప్లాన్ గురించి మాట్లాడుకోవడానికి. మరుసటి ఏడాది 1992లో పని చేయడానికి బిల్బావ్ రియా 2000 అని ఇంకో సంస్థ వచ్చింది, అందులో కేంద్ర ప్రభుత్వం వైపు సగం వాటా, బిల్బావ్ ఉండే బాస్క్ ప్రాంత ప్రభుత్వ సంస్థల వైపు సగం వాటా. రైల్వే, పోర్టు వదిలేసిన నది ఒడ్డు భూముల్ని బాగు చేసి, కొంత అమ్మి, ఆ డబ్బుతోనే తర్వాతి పనులు చేసుకుంటూ పోయారు. 1995లో మెట్రో మొదలైంది. మ్యూజియం వచ్చింది ఆ తర్వాతే. అంటే ఫొటోలో కనిపించే భవనం వెనక, ఒకరికొకరు పడని ప్రభుత్వాలు, రైల్వే, పోర్టు ఏళ్ల తరబడి ఒకే టేబుల్ దగ్గర కూర్చుని భూముల లెక్కలు తేల్చుకున్న కథ ఉంది. మాకు కావాల్సిన పాఠం అది. స్లైడ్ మీద మాత్రం భవనమే ఉంది. కొత్త బ్యాచ్ వాళ్లకు ఆ స్లైడ్ మార్చి చూపించమని నిర్వాహకులకు రాసిచ్చాను.

ఇక మూడో శనివారం. ఈ ప్రోగ్రామ్‌కి నేనిచ్చిన స్టార్లలో రెండు ఆ ఒక్క రోజుకే.

హాల్లోకి వెళ్లేసరికి కుర్చీలన్నీ గోడకు జరిపేసి ఉన్నాయి. మధ్యలో నాలుగు బల్లలు కలిపేసి, వాటి మీద నగరంలో ఒక భాగం మ్యాప్, ఇంటి నంబర్లు కూడా కనిపించేంత పెద్దది, పరిచి ఉంది. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్. ఒక్కో విభాగానికీ ఒక్కో రంగు స్కెచ్ పెన్ను ఇచ్చారు: నీళ్లకు నీలం, డ్రైనేజీకి ఆకుపచ్చ, కరెంటుకు ఎరుపు, ఇంటర్నెట్, టెలిఫోన్ కేబుళ్లకు నారింజ. ఆ రంగులు వాళ్లు ఊరికే ఎంచుకున్నవి కావు. అమెరికాలో తవ్వే ముందు రోడ్డు మీద గుర్తులు వేయడానికి వాడే రంగులు అవే. అక్కడ 2007 నుంచి 811 అని దేశమంతటికీ ఒకే నంబరు ఉంది, ఎవరైనా తవ్వాలంటే ముందు దానికి ఫోన్ చేయాలి, అప్పుడు కింద ఏమేం ఉన్నాయో ఆయా కంపెనీలవాళ్లు వచ్చి రంగులతో గీసి పోతారు. "మీ లైన్లు మీరు గీయండి" అని నిర్వాహకులు, అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పకుండా వదిలేశారు.

మా ఆసుపత్రి ముందు రోడ్డు ఆ మ్యాప్‌లో ఉంది. నీళ్ల విభాగం ఇంజినీరు గారు రోడ్డుకి ఎడమ వైపున నీలం గీత గీసుకుంటూ వచ్చారు. డ్రైనేజీ ఆయన పెన్ను మూత తీసి ఆగిపోయారు. "సార్, అక్కడ మా మ్యాన్‌హోళ్లు ఉన్నాయి. మీ లైను కుడి వైపు ఉండాలి." ఈయన తన ఫోన్లో డ్రాయింగ్ చూపించారు, ఎడమ వైపే ఉంది. ఆయన తన డ్రాయింగ్ చూపించారు, అదీ ఎడమ వైపే ఉంది. రెండూ ఆఫీసు సంతకాలున్న కాగితాలే. చుట్టూ పది మంది మూగాం. చివరికి నీళ్ల ఇంజినీరు గారు రిటైరైన తన వాల్వ్ ఆపరేటర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. అటు నుంచి ఆ పెద్దాయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పాడు: "స్కూలు గోడ దాటాక చెట్టు దగ్గర కుడికి తిరుగుద్ది సార్. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మేమే జరిపాం. డ్రాయింగులో ఎక్కించలేదు. చెట్టు కొట్టేశారు గానీ మొద్దు ఉంటది చూడండి."

ఆ మొద్దు నేను రోజూ చూస్తాను. బండి పార్క్ చేసేది దాని పక్కనే.

ఇంజినీరు గారు గీసిన గీతను తుడిచి, చెట్టు దగ్గర వంపు తిప్పి మళ్లీ గీశారు. కోట్ల రూపాయల పైపులైను ఎటు పోతుందో ఒక రిటైరైన మనిషి జ్ఞాపకంలో తప్ప ఇంకెక్కడా లేదని అక్కడున్న ప్రతి ఒక్కరికీ అర్థమైంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆర్కిటెక్ట్ మేడమ్ ఒకరు మెల్లగా అన్నారు, "ఇలా తెలిసినవాళ్లు మీ దగ్గర ఇంకా ఎంతమంది ఉన్నారు సార్?" ఆయన వేళ్ల మీద లెక్కపెట్టారు. ఒక చెయ్యి సరిపోయింది.

అసలు విషయం దాని తర్వాత బయటపడింది. కేబుల్ కంపెనీ అబ్బాయి ల్యాప్‌టాప్ ఇటు తిప్పి, "వచ్చే నెలలో అదే రోడ్డు మీద మా తవ్వకం ఉంది, రోడ్ కటింగ్ పర్మిషన్ కూడా వచ్చేసింది" అన్నాడు. కరెంటు వాళ్లది దాని తర్వాత మూడు నెలలకు. నీళ్ల లైను మార్చే పని టెండర్ దశలో ఉంది. మున్సిపల్ ఇంజినీరు గారు తల పట్టుకున్నారు, ఎందుకంటే ఈ మూడింటి మధ్యలో ఆయన కొత్త రోడ్డు వేయబోతున్నారు. అంటే తవ్వడం, పూడ్చడం, రోడ్డు వేయడం, మళ్లీ తవ్వడం, ప్యాచ్ వర్క్, మళ్లీ తవ్వడం. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎవరి ఫైల్ వాళ్ల దగ్గర సక్రమంగానే కదిలింది. ఒకరి తేదీలు ఒకరికి తెలియవు, అంతే.

ముందటి ఏడాది అదే రోడ్డు మీద తవ్వి వదిలేసిన గుంత దగ్గర మా అంబులెన్స్ ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయింది. లోపల నొప్పులు పడుతున్న ఒక ఆడపిల్ల. డ్రైవరు దిగి, దారిన పోయే నలుగురిని పిలిచి రాళ్లు సర్దించి బండి తీసుకొచ్చాడు. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు. అప్పుడు ఎవరి మీద కంప్లయింట్ రాయాలో కూడా నాకు తెలియలేదు, ఏ ఆఫీసుకెళ్తే ఆ ఆఫీసువాళ్లు "గుంత మాది కాదండీ" అన్నారు. ఆ రోజు మ్యాప్ చుట్టూ ఆ ఆఫీసులవాళ్లందరూ నిలబడి ఉన్నారు. నేను ఈ సంగతి చెప్పాను. కోపంగా చెప్పలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాను. సాయంత్రం అయిదయ్యేసరికి వరస మారిపోయింది: ముందు నీళ్ల లైను, తర్వాత ఉంచాల్సినంత దూరం ఉంచి కరెంటూ కేబులూ ఒకే విడతలో, అన్నీ పూడ్చి గట్టిపడ్డాకే రోడ్డు. దానికి పైనుంచి కొత్త జీవో అక్కర్లేదు, కొత్త నిధులు అక్కర్లేదు, తేదీలు మార్చుకుంటే సరిపోయింది. అందుకే మొదట్లో అన్నాను, మీ చేతిలో నిర్ణయం ఉంటేనే వెళ్లండని. మా బ్యాచ్‌లో కొన్ని పెద్ద సంస్థలు తమ తరఫున పబ్లిక్ రిలేషన్స్ వాళ్లను పంపాయి, చక్కగా మాట్లాడారు, ప్రతిదానికీ "మా మేనేజ్‌మెంట్‌ని అడిగి చెప్తాం" అన్నారు. తొమ్మిది నెలల్లో ఆ జవాబు రాలేదు.

మ్యాప్ తర్వాత నాకు బాగా నచ్చింది ప్రోగ్రామ్ కోఆర్డినేటర్. చిన్నమ్మాయి, మాలో చాలామందికి కూతురి వయసు ఉంటుంది. ప్రతి మంగళవారం ఫోన్ చేసేది. "సార్, మీరు డిపో మేనేజర్ గారికి మీ ఓపీ టైమింగ్స్ పంపుతానన్నారు, పంపారా?" అంతే, అంతకంటే ఎక్కువ మాట్లాడేది కాదు. పంపకపోతే వచ్చే మంగళవారం మళ్లీ అదే ప్రశ్న, అదే మర్యాద. నిజం చెప్పాలంటే ఆ ఫోన్ల వల్లే సగం పనులు జరిగాయి. 2011లో జాన్ కానియా, మార్క్ క్రేమర్ అని ఇద్దరు అమెరికాలో ఇలాంటి ఉమ్మడి ప్రయత్నాల్ని గమనించి ఒక వ్యాసం రాశారు. కలిసి పని చేయడానికి అయిదు విషయాలు కావాలన్నారు: అందరికీ ఒకే లక్ష్యం, ఒకే కొలమానం, ఒకదానికొకటి తోడయ్యే పనులు, ఎడతెగకుండా మాట్లాడుకోవడం, వీటన్నిటినీ నడిపించడానికి పూర్తికాలం పనిచేసే ఒక వెన్నెముక లాంటి సంస్థ. మొదటి నాలుగూ ఎవరైనా స్లైడ్ మీద రాసుకోగలరు. అయిదోది లేకపోతే మాత్రం శనివారం ఇచ్చిన మాట సోమవారానికి మరుగున పడిపోతుందని నాకు అనుభవంలో తెలిసింది. మా వెన్నెముక ఆ అమ్మాయి. మీరు చేరబోయే ప్రోగ్రామ్‌లో అలాంటి మనిషి ఉన్నారా, ఆ పని మీద పూర్తిగా ఉన్నారా, లేక ఇంకో నాలుగు ప్రాజెక్టులు కూడా చూస్తున్నారా అని ముందే అడగండి.

ఓపీ టైమింగ్స్ అన్నాను కదా, అది రెండో మంచి పని. డిపో మేనేజర్ గారు ఒకసారి తన ట్రిప్ షీట్లు తెచ్చి బల్ల మీద పరిచారు. ఎనిమిదింపావు నుంచి తొమ్మిది దాకా బస్సుల్లో కాలు పెట్టే చోటు ఉండదు, తొమ్మిదిన్నర తర్వాత అవే బస్సులు సగం ఖాళీగా తిరుగుతాయి. కారణం అందరికీ ఎదురుగానే ఉంది: రెండు ఫ్యాక్టరీల జనరల్ షిఫ్ట్, రెండు కాలేజీలు, మా ఓపీ, అన్నీ తొమ్మిదికే మొదలవుతాయి. ఎందుకు తొమ్మిదికే అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు, ముందు నుంచీ అంతే. ఒక కాలేజీ తొమ్మిదిన్నరకు మారింది. మేం రిజిస్ట్రేషన్ కౌంటర్ ఎనిమిదికే తెరిచాం. దానికి మా స్టాఫ్‌ని ఒప్పించడానికి నాకు మూడు వారాలు పట్టింది, పిల్లల్ని స్కూలుకి పంపాల్సిన వాళ్లకు ఎనిమిది అంటే చిన్న విషయం కాదు, చివరికి వాళ్లలో వాళ్లే వంతులు వేసుకున్నారు. ఫ్యాక్టరీలు మారలేదు, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. అయినా పొద్దున కౌంటర్ దగ్గర ముసలివాళ్లు గోడకు ఆనుకుని నిలబడే వరస ఇప్పుడు తలుపు దాటి బయటికి రావడం లేదు.

ఇప్పుడు ఒకటిన్నర స్టార్లు ఎక్కడ పోయాయో చెప్తాను.

అన్నిటికంటే పెద్ద లోటు, ఆ బల్ల దగ్గర ఎవరు లేరన్నది. ఏడో నెలలో "సంప్రదింపుల సమావేశం" అని నలుగురు పారిశుధ్య కార్మికుల్ని, ముగ్గురు వీధి వ్యాపారుల్ని పిలిచారు. మాకు రోజంతా, వాళ్లకు గంట. వాళ్లలో ఒకామె మ్యాప్ దగ్గరకొచ్చి, కాసేపు అటూ ఇటూ చూసుకుని, ఒక మలుపు మీద వేలు పెట్టింది. "పొద్దున నాలుగున్నరకి మేం ఊడుస్తాం సార్ ఇక్కడ. అప్పటికే లైట్లు ఆరిపోతాయి. లారీలు తిరుగుతాయి. మా వాళ్లలో ఒకామెను గుద్దేసి పోయింది." కరెంటు ఆయన అప్పటికప్పుడు నోట్ చేసుకున్నారు, టైమర్ సెట్టింగ్ మార్చించారు కూడా, అది ఆయన మంచితనం. కానీ మూడో నెల నుంచీ ముప్పై మందిమి ఆ మ్యాప్ మీద వంగి చూస్తూనే ఉన్నాం, ఆ మలుపు గురించి ఎవరికీ తెలియలేదు. గంట అవగానే వాళ్లకు దండం పెట్టి, ఫొటో తీసుకుని పంపించేశారు. మిగతా రోజంతా నాకు మనసు అక్కడ నిలవలేదు.

షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లోనే దీని గురించి రాశారు. ప్రజల భాగస్వామ్యం అనేదాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించి, సంప్రదింపులు అనేదాన్ని నాలుగో మెట్టు మీద పెట్టారు. అడుగుతారు, వింటారు, ఆ మాటను లెక్కలోకి తీసుకుంటారన్న హామీ మాత్రం ఉండదు. భాగస్వామ్యం అనదగ్గది ఆరో మెట్టు. మా ప్రోగ్రామ్ నాలుగు దగ్గర ఆగిపోయింది.

ఇది చిన్న లోటు కాదు అనడానికి అమెరికాలోని పిట్స్‌బర్గ్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. వేర్వేరు రంగాల పెద్దలు కలిసి నగరాన్ని మార్చడం అంటే ప్రపంచంలో చాలామంది ముందుగా చెప్పే పేరు అదే. 1944లో అక్కడ అలెఘెనీ కాన్ఫరెన్స్ అని నగర పెద్దల కూటమి ఒకటి మొదలైంది. బ్యాంకర్ రిచర్డ్ కింగ్ మెలన్ రిపబ్లికన్, మేయర్ డేవిడ్ లారెన్స్ డెమోక్రాట్. రాజకీయంగా ఎదురెదురు పార్టీలవాళ్లు, అయినా నగరం కోసం చేయి కలిపారు. ఫ్యాక్టరీల పొగ వల్ల పట్టపగలు వీధి దీపాలు వెలిగించుకునే నగరం అది. 1941లోనే చేసి యుద్ధం వల్ల పక్కన పెట్టిన పొగ నియంత్రణ చట్టాన్ని యుద్ధం అయ్యాక అమలు చేశారు, ఆకాశం తేటపడింది. అది చదువుతుంటే ఎంత గొప్పగా అనిపిస్తుందో. అదే కూటమి హయాంలో 1950ల్లో లోయర్ హిల్ అనే పేట మీదికి బుల్డోజర్లు వెళ్లాయి. ఎక్కువగా నల్లజాతివాళ్లు ఉండే పేట అది. 8,000 మందికి పైగా ఇళ్లు పోగొట్టుకున్నారు. ఆ స్థలంలో 1961లో ఆటలకూ ప్రదర్శనలకూ పెద్ద అరీనా ఒకటి తెరిచారు, ఆ తర్వాత అదీ కూల్చేశారు. ఆకాశాన్ని బాగు చేసినవాళ్లూ, ఆ పేటను ఖాళీ చేయించినవాళ్లూ ఒకే టేబుల్ వాళ్లు. ఆ టేబుల్ దగ్గర లోయర్ హిల్ వాళ్లకు కుర్చీ లేదు. నేను ఈ విషయం చివరి శనివారం లేచి చెప్పాను. నిర్వాహకుల్లో పెద్దాయన శ్రద్ధగా విన్నారు, వచ్చే బ్యాచ్‌లో "పరిశీలిస్తాం" అన్నారు.

రెండో లోటు, ఎన్నికైనవాళ్లు లేకపోవడం. నిర్వాహకుల వాదన ఏంటంటే వాళ్లొస్తే రాజకీయం వస్తుంది, పని జరగదు. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ బెంగళూరు అనుభవం చూడండి. 1999లో ముఖ్యమంత్రి ఎస్.ఎం. కృష్ణ, ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నందన్ నీలేకని నాయకత్వంలో బెంగళూరు అజెండా టాస్క్ ఫోర్స్ పెట్టారు. ఐటీ వాళ్లు, స్వచ్ఛంద సంస్థలు, నిపుణులు, నగర సంస్థలు కలిసి పని చేశాయి. ఆరు నెలలకోసారి అధికారులు జనం ముందుకొచ్చి ఏం చేస్తామన్నామో, ఏం చేశామో చెప్పేవారు, ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. కార్పొరేషన్ లెక్కల పద్ధతి మార్చారు, పబ్లిక్ టాయిలెట్లు కట్టించారు. 2004లో ప్రభుత్వం మారింది, టాస్క్ ఫోర్స్ ఆగిపోయింది. జనం ఓటేసి పంపిన కార్పొరేటర్లను పక్కన పెట్టారని దాని మీద అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. ఒక ముఖ్యమంత్రి అండతో నడిచింది ఆయనతోపాటే వెళ్లిపోయింది. మాకైతే ఆ అండ కూడా లేదు, మా వార్డు ప్రతినిధికి ఈ ప్రోగ్రామ్ ఒకటి ఉందని నేను చెప్పేదాకా తెలియదు. చెప్పాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "రోడ్డు ఆలస్యమైందని జనం నన్ను తిడుతున్నారు, ఆపింది మీరా?" అని. ఆయన కోపంలో న్యాయం ఉంది. వరస ఎందుకు మార్చామో ముందే ఆయనకు చెప్పి ఉంటే, జనానికి ఆయనే చెప్పుకునేవాడు.

ఇంకొకటి సూటిగా చెప్పాలి. మా బ్యాచ్‌లో బిల్డర్ ఉన్నారన్నాను. మంచి మనిషి, ఆయన మీద నాకు ఫిర్యాదేమీ లేదు. కానీ కొత్త రోడ్డు ఎటు నుంచి పోతే బాగుంటుందన్న చర్చలో, ఆ పక్కనే ఆయన కంపెనీకి భూమి ఉందన్న విషయం చర్చ అయిపోయాక విలేకరి మిత్రుడి ద్వారా మాకు తెలిసింది. ఎవరి ప్రయోజనాలు ఎక్కడున్నాయో మొదటి రోజే అందరూ రాసిచ్చే పద్ధతి ఉంటే అసలు ఇబ్బందే ఉండేది కాదు, పాపం ఆయనకీ ఆ మాట పడేది కాదు. కంపెనీలు వద్దని కాదు. ఎవరికి ఏం లాభమో, సమాచారం ఎవరి చేతికి వెళ్తుందో ముందే తేలకపోతే జనానికి నమ్మకం కుదరదు. కెనడాలోని టొరంటోలో గూగుల్ మాతృసంస్థకు చెందిన సైడ్‌వాక్ ల్యాబ్స్ 2017లో సరస్సు ఒడ్డున సెన్సర్లతో కూడిన కొత్త పేట కట్టే ప్రాజెక్టు ప్రకటించి, డేటా గురించీ భూమి గురించీ రెండున్నరేళ్లు గొడవలు పడి, 2020 మేలో కోవిడ్ నాటి ఆర్థిక అనిశ్చితిని కారణంగా చూపి వదిలేసి వెళ్లిపోయింది.

కొలమానం విషయంలోనూ నిరాశే. తొమ్మిది నెలల చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు, "ప్రోగ్రామ్ మీకు ఎంత నచ్చింది" అని. మాకు నచ్చడం ముఖ్యమా? ఆ రోడ్డు మీద నడిచేవాళ్లను అడగాలి కదా. 1990ల మొదట్లోనే బెంగళూరులో శామ్యూల్ పాల్ గారు ఇంటింటికీ వెళ్లి నీళ్లు, కరెంటు, చెత్త సేవల మీద జనం ఇచ్చిన మార్కులతో రిపోర్ట్ కార్డు తయారు చేయించారు, 1999లో మళ్లీ, 2003లో మళ్లీ చేసి పోల్చి చూశారు. మొదటిసారి మార్కులు ఘోరంగా వచ్చాయి, తర్వాత మెల్లగా మెరుగుపడ్డాయి. ఆ నమూనా అందరి ముందూ ఉంది, ఒక వార్డు వరకైనా చేసుకుని ఉండొచ్చు.

మిగతావి క్లుప్తంగా. హాలు బాగుంటుంది, టైముకి మొదలుపెడతారు. వాళ్ల యాప్ వాడకండి, అందరం మామూలు వాట్సాప్ గ్రూపులోకే వచ్చేశాం. నెలకి ఒక శనివారం అంటారు గానీ మధ్యలో ఫోన్లు, చిన్న మీటింగులు కలిపితే రెండు రోజులు పడుతుంది, మీ పైవాళ్లకు ముందే చెప్పుకోండి. ముప్పై మంది సరైన సంఖ్యే, అంతకు మించితే మ్యాప్ చుట్టూ నిలబడలేరు. మహిళలు మా బ్యాచ్‌లో ఏడుగురే, అది బాగా తక్కువ.

అయిపోయాక పరిస్థితి ఏంటంటే, సర్టిఫికెట్లు ఇచ్చారు, మరుసటి మంగళవారం ఫోన్ రాలేదు. ఆ అమ్మాయిని కొత్త బ్యాచ్‌కి మార్చారు. రెండు నెలలు ఎవరూ ఏమీ చేయలేదు, ఈలోగా పక్క రోడ్డు మీద పాత పద్ధతిలోనే మళ్లీ తవ్వారు. అది చూసి మేం ఆరుగురం, నీళ్లు, డ్రైనేజీ, కరెంటు, కేబుల్, మున్సిపల్ వాళ్లూ నేనూ, మ్యాప్‌ని అడిగి తెచ్చుకుని మా ఆసుపత్రి మీటింగ్ రూమ్ గోడకు పెట్టుకున్నాం. నెలలో రెండో శనివారం గంటసేపు కలుస్తున్నాం, ఎవరు ఎక్కడ ఎప్పుడు తవ్వుతున్నారో గీసుకుంటున్నాం. మొన్నటిసారి వాల్వ్ ఆపరేటర్ పెద్దాయన కూడా వచ్చి, ఇంకో రెండు చోట్ల వంపులు దిద్దించి వెళ్లారు.

కొత్త బ్యాచ్‌కి మా ఆసుపత్రి నుంచి ఒక పేరు పంపమన్నారు. ఆ రోజు గుంత దగ్గర రాళ్లు సర్దించి బండి దాటించిన అంబులెన్స్ డ్రైవర్ పేరు పంపాను. ఈ నగరంలో ఏ రోడ్డు ఏ గంటకు ఎలా ఉంటుందో ఆయనకు తెలిసినంత మా బ్యాచ్‌లో ఎవరికీ తెలియదు. దరఖాస్తులో "హోదా" అన్న గడి ఉంది, అందులో డ్రైవర్ అనే రాశాం. నిర్వాహకుల నుంచి ఇంకా జవాబు రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను, ఆయన్ను తీసుకుంటే ఇంకో అర స్టారు కలుపుతాను.